రాజోలి రంగులు, స్కానరు కొలతలు: వర్ణపద పరిశోధనలో ఆధారశుద్ధి

జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి చేనేతకు పేరుపొందిన ఊరు. గద్వాల చీర అని లోకం పిలిచే చీర గద్వాల పట్టణానికే పరిమితమైనది కాదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో దానిని నేసే ఊళ్ళు ఇంకా ఉన్నాయి, వాటిలో రాజోలి ఒకటి. ఇక్కడి నేతకారుల వాడుకలోని వర్ణపదాలను సేకరించి అర్థనిర్ణయం చేయడం నా పరిశోధనలో ఒక భాగం. మిరపపండు, నేరేడుపండు, ఉల్లిపొర, మామిడిచిగురు, నెమలికంఠం, చింతపిక్క వంటి పదం విన్నప్పుడల్లా అది సూచించే నూలుపోగునో గుడ్డముక్కనో అడిగి తీసుకొని, స్కానరు మీద ప్రతిబింబం తీసి, పదానికి ఎదురుగా ఆ రంగును చేర్చడం నేను ఎంచుకొన్న పద్ధతి. పదానికి మరో పదాన్ని అర్థంగా ఇవ్వడం కంటే ఇది మేలైనదని నమ్మాను.

ఆ నమ్మకం ఎక్కడ బెసికిందో మొదట చెప్పాలి. ఒడలు నూలు, అంచు పట్టు అయిన గద్వాల చీరలో రెండింటికీ ఒకే రంగు వేసిన ముక్క ఒకటి నాకు దొరికింది. ఇచ్చినవారు రెండు భాగాలనూ ‘మిరపపండు’ అనే అన్నారు. స్కానరు మాత్రం నూలును ఒక ఎరుపుగా, పట్టును గులాబీ వైపు మొగ్గిన మరొక ఎరుపుగా చూపింది. యంత్రం చూపిన తేడాను పదంలోని తేడాగా భావించి, నా పదపట్టికలో ‘మిరపపండు’కు రెండు అర్థాలు రాశాను. రెండవ అర్థం: ‘పట్టు విషయంలో, కొంత గులాబీ ఛాయ గల ఎరుపు’. మరుసటి పర్యాయం వెళ్ళినప్పుడు ఆ ఆరోపాన్ని చదివి వినిపించగా, మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన నవ్వి, “రెండూ ఒగటే బిడ్డా. గడప అవతలికి తెచ్చి సూడు” అన్నారు. గడప దాటి ఎండలో చూస్తే నిజంగానే ఒకటే. నేను నిఘంటువులో చేర్చినది నేతకారుల భాషలోని అర్థభేదం కాదని, స్కానరు దోషమని అప్పుడు తెలిసింది. ఆ దోషం ఎలా పుట్టింది, అటువంటివి మన సాహిత్య, భాషా పరిశోధనలో ఇంకెక్కడ దాగి ఉండవచ్చు అనే విచారణ ఈ వ్యాసానికి ప్రేరణ.

రంగును నమోదు చేసిన తీరు

వర్ణపదాల సేకరణ మనకు కొత్త కాదు. అమరకోశం ధీవర్గంలోనే వర్ణవాచకాలు పర్యాయాలతో సహా చేరి ఉన్నాయి. అక్కడ నీలశబ్దం నలుపుకు పర్యాయమైన పదాల వరుసలో కనిపిస్తుంది. కావ్యాలలో నీలమేఘమన్నా నీలకుంతలాలన్నా నేటి నీలిరంగును ఊహించుకొనే విద్యార్థి ఎంత దూరం తప్పిపోతాడో బోధకులకు తెలుసు. తెలుగు ‘పచ్చ’ సంగతి మరీ విచిత్రం. పచ్చగడ్డిలో ఆకురంగు, పచ్చబంగారంలో పసుపు, పచ్చకామెర్లలో మళ్ళీ పసుపు. ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసి చెప్పుకోవలసిన అవసరం ఆ పదపు విస్తృతి వల్లనే వచ్చింది. ద్రావిడ భాషలలో ఈ ధాతువుకు రెండు రంగుల అర్థాలూ ఉన్నాయి కనుక ఇది తెలుగువారి అజాగ్రత్త అనడానికి వీలులేదు. పదం రంగుల ప్రదేశాన్ని ఒక తీరున పంచుకొంటుంది, కొలత మరొక తీరున పంచుతుంది.

వృత్తిపదాల విషయంలో పెద్ద అడుగు వేసింది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోను, రెండవ సంపుటం చేనేత పదాలతో 1971లోను వెలువడ్డాయి. క్షేత్రపర్యటన చేసి, ఊరూరా అడిగి, ప్రాంతభేదాలతో పదాలను నమోదు చేసిన ఆ కృషికి సాటి రాగలది మనకు తక్కువ. పనిముట్టును బొమ్మ గీసి చూపవచ్చు, పడుగును పేకను మాటలతో వివరించవచ్చు. రంగును మాత్రం రంగుతోనే చూపాలి. ఆనాటి అచ్చు సౌకర్యాలతో అది సాధ్యమయ్యే పని కాదు. ఆ లోటును మన తరం స్కానరుతో తీర్చగలదని అనుకోవడం సహజమే. నేనూ అలాగే అనుకొన్నాను.

మన గ్రంథాల ప్రతిబింబీకరణ చరిత్రను చూస్తే రంగు అక్కడ మొదటినుండీ అదనపు వస్తువే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన రాజ్ రెడ్డి ప్రేరణతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దాని భారతీయ రూపమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కేంద్రంగా వేలాది తెలుగు పుస్తకాలను మనకు అందుబాటులోకి తెచ్చాయి. ఈనాడు ఆ ప్రతులు లేకుండా పరిశోధన చేసే తెలుగు విద్యార్థి లేడు. ఆ ప్రతులు ప్రధానంగా 600 డి.పి.ఐ. స్పష్టతతో, నలుపు తెలుపు అనే రెండే స్థాయిలలో తీసినవి. అక్షరం చదవడానికి అది సరిపోతుంది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి వెలువరించిన గోలకొండ కవుల సంచిక వంటి గ్రంథానికి ఆ పద్ధతి వల్ల పోయేదేమీ లేదు. 354 మంది కవుల పద్యాలు నల్ల సిరాతోనే ఉన్నాయి.

అయితే రెండు స్థాయిల ప్రతిబింబంలో ప్రతి బిందువూ ఒక హద్దుకు ఇటో అటో పడాలి. మన ఇళ్ళలో సరస్వతీ పూజనాడు పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టే ఆచారం ఉంది. పసుపు మరక హద్దుకు పైన పడి పూర్తిగా మాయమవుతుంది. కుంకుమబొట్టు హద్దుకు కింద పడితే నల్లని మచ్చయి, కింది అక్షరాన్ని మింగేస్తుంది. మరకలో ఏది పడుతుందో, ఏది పోతుందో దీపం రంగును బట్టి ఉంటుంది. ఆకుపచ్చ వెలుగులో చూస్తే ఎరుపు నల్లగా, ఎర్రని వెలుగులో చూస్తే అదే ఎరుపు కాగితంలో కలిసి కనబడుతుంది. ఎర్ర సిరాతో రాసిన దిద్దుబాటుకూ, గ్రంథాలయపు ముద్రకూ, పెన్సిలు గీతకూ ఇదే గతి. ‘ఈ ప్రతిలో దిద్దుబాట్లు లేవు’ అని డిజిటల్ ప్రతిని మాత్రమే చూసి రాసిన వాక్యం ఎంతవరకు నిలుస్తుందో పాఠపరిష్కర్తలు ఆలోచించాలి.

స్కానరు చూసే తీరు

కంటికీ స్కానరుకూ పోలిక ఒక్కటే: రెండూ రంగును మూడు సంఖ్యలుగా కుదిస్తాయి. వస్తువు మీదనుండి వచ్చే వెలుగులో దృశ్యకాంతి పొడవునా ఎన్నో తరంగాలు ఉంటాయి. కంటిలోని మూడు రకాల శంకుకణాలు ఆ మొత్తాన్ని మూడు స్పందనలుగా మారుస్తాయి. స్కానరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలి వడపోతలు గల గ్రాహకాలు, లేదా ఆ మూడు రంగుల దీపాలు వంతులవారీగా వెలిగే చౌకరకపు ఏర్పాటు, అదే పని చేస్తాయి. సగటు మానవుని కంటి తీరును అంతర్జాతీయ దీపన సంఘం 1931లో సంఖ్యలుగా ప్రమాణీకరించింది. యంత్రం కంటిలాగే చూడాలంటే దాని మూడు గ్రాహకతలు ఆ ప్రమాణ రేఖలకు సరళ సమ్మేళనాలై ఉండాలి. దీనిని 1927లో ఈ విషయం మీద రాసిన లూథర్ పేరుతో లూథర్ నియమం అంటారు. వాడుకలోని స్కానరులేవీ ఈ నియమాన్ని పూర్తిగా పాటించవు. ఖర్చు, వేగం, సంకేతంలో గోల తక్కువగా ఉండడం అనే వేరే అవసరాలు వాటి వడపోతలను నిర్ణయిస్తాయి.

ఫలితం ఏమిటంటే, కంటికి ఒకటిగా తోచే రెండు రంగులను స్కానరు వేరుచేయవచ్చు, కంటికి వేరైన రెండింటిని కలిపివేయవచ్చు. వర్ణశాస్త్రం దీనిని మెటామెరిజం అంటుంది. నా మిరపపండు విషయంలో జరిగింది ఇదే. నూలుకు పట్టే అద్దకం వేరు, పట్టుకు పట్టే అద్దకం వేరు. నూలుకు నాఫ్తాల్, వ్యాట్, రియాక్టివ్ రంగులు, పట్టుకు ఆమ్లపు రంగులు వాడుతారు. అద్దకం చేసేవాడు కంటితో సరిచూసి రెండింటినీ పగటి వెలుగులో ఒకటిగా తెస్తాడు. తరంగాల లెక్కలో అవి ఒకటి కావు. కంటి మూడు సంఖ్యలు కలిసినా యంత్రపు మూడు సంఖ్యలు కలవలేదు. ట్యూబులైటు కింద కంటికి సైతం అవి కలవకపోవచ్చు, ఎందుకంటే అక్కడ వెలుగే మారింది. పెద్దాయన గడప అవతలికి తెమ్మన్నది ఊరికే అన్నమాట కాదు. ఆయన తన ప్రమాణ దీపాన్ని పేర్కొన్నారు. నా పదపట్టికలో ఆ వివరం లేదు.

దీనికి ఎదురైన దోషం నెమలికంఠం దగ్గర కనిపించింది. స్కానరులు సామాన్యంగా ఫలితాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనే వర్ణవిస్తృతిలోకి కుదించి ఇస్తాయి. ఆకుపచ్చకూ నీలానికీ నడుమనున్న చిక్కని రంగులు కొన్ని ఆ విస్తృతి బయట పడతాయి. బయట పడ్డవన్నీ హద్దుగోడకు ఆనుకొని ఒకే చోట చేరతాయి. చేతిలో పట్టుకొంటే స్పష్టంగా వేరైన రెండు పట్టుపోగులు తెర మీద ఒకటైపోవడానికి ఇదొక కారణం. నేతకారుకు రెండు పేర్లు, యంత్రానికి ఒక్క రంగు. ప్రతిబింబాన్ని మాత్రమే చూసినవాడు వాటిని పర్యాయపదాలని రాస్తాడు.

ప్రతి వడపోతకూ 256 మెట్లు కనుక మొత్తం 1,67,77,216 రంగులను యంత్రం గుర్తిస్తుందని వర్తక ప్రకటనలు చెబుతాయి. మెట్లు సన్ననివైనంత మాత్రాన మేడ సరైన చోట ఉన్నట్టు కాదు. పాఠపరిష్కరణ చేసేవారికి ఈ భేదాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నిద్రమత్తులో లేఖకుడు అక్కడక్కడ అక్షరం జారవిడిస్తే అది యాదృచ్ఛిక దోషం, ప్రత్యంతరాలతో పోల్చి సవరించవచ్చు. ప్రతి చోటా ఒక అక్షరాన్ని మరొక అక్షరంగానే రాసే లేఖకుడు ఉంటాడు. అతని చేతనే పదిసార్లు రాయించినా పది ప్రతులూ ఏకగ్రీవంగా తప్పే చెబుతాయి. స్కానరు ఈ రెండవ రకం లేఖకుడు. ఒకే ముక్కను పదిసార్లు స్కాన్ చేసి, సంఖ్యలు దాదాపు ఒకటే వచ్చాయని నేను తృప్తి పడ్డాను. అది నిలకడ మాత్రమే, యథార్థత కాదు.

దోషాన్ని కొలవడం

క్రమబద్ధమైన దోషానికి మేలు ఏమిటంటే దానిని కొలవవచ్చు. ముందే కొలిచిన రంగుల గళ్ళు గల ప్రమాణపత్రాన్ని స్కాన్ చేసి, యంత్రం చెప్పిన విలువలను అసలు విలువలతో పోల్చి, తేడాను సవరించే పట్టికను తయారు చేస్తారు. ఈ పట్టికను ప్రొఫైల్ అంటారు. స్కానరుల కోసం ఏర్పడిన ఐటీ 8.7/2 ప్రమాణపత్రంలో 264 రంగు గళ్ళు, వాటి కింద బూడిదరంగు మెట్లు ఉంటాయి. తేడాను 1976లో అంతర్జాతీయ దీపన సంఘం ప్రకటించిన ల్యాబ్ నిర్దేశకాలలో చెబుతారు: ఒక అక్షం మీద వెలుతురు, రెండవదాని మీద ఆకుపచ్చనుండి ఎరుపు, మూడవదాని మీద నీలంనుండి పసుపు. ఉదాహరణకు ఒక ఎరుపు అసలు విలువ 50, 60, 30 అనుకొందాం. స్కానరు 53, 56, 30 అన్నది. భేదాలు 3, 4, 0, వాటి వర్గాల మొత్తం 25, వర్గమూలం 5. ఈ అయిదునే డెల్టా-ఈ అంటారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి రెండు మాత్రల భేదం నిపుణుని కంటికి లీలగా అందుతుంది, అయిదు సామాన్యునికీ అందవచ్చు. చిక్కని రంగులలో ఈ లెక్క కంటి అనుభవాన్ని మించి భేదాన్ని చూపుతుందని గ్రహించి, తరువాత 2000 సంవత్సరపు సూత్రాన్ని తెచ్చారు. ఎరుపులు, నీలాలు ఎక్కువగా ఉన్న చీరల విషయంలో ఈ కొత్త సూత్రమే వాడదగినది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ప్రమాణపత్రాలు ఫొటో కాగితం మీద, ఫొటో కాగితపు మూడు అద్దకాలతో తయారైనవి. వాటితో కట్టిన ప్రొఫైల్ ఫొటోలకు చక్కగా పనిచేస్తుంది. అద్దిన నూలు, పట్టు, ముద్రణ సిరా, తాటాకు మీది మసి, ఇవన్నీ వేరే పదార్థాలు. సగటు డెల్టా-ఈ తక్కువ వచ్చిందన్న ధీమాతో చీర ముక్కను స్కాన్ చేయడం, ఒక మాండలికానికి రాసిన వ్యాకరణంతో మరొక మాండలికాన్ని దిద్దడం వంటిది. సగటు అనేది కూడా మోసకారి మాటే. 264 గళ్ళలో చాలావాటికి తేడా స్వల్పమై, మనకు కావలసిన ఎరుపు దగ్గర పెద్దదై ఉండవచ్చు.

నేతగుడ్డకు ప్రత్యేకమైన దోషాలు మరికొన్ని ఉన్నాయి. స్కానరు దీపం ఒక వాలునుండి గుడ్డ మీద పడుతుంది, గ్రాహకం నిట్టనిలువుగా చూస్తుంది. పట్టుపోగు మెరుపు దిశను బట్టి మారుతుంది కనుక, ముక్కను పడుగు నిలువుగా పెట్టి ఒకసారి, పావు చుట్టు తిప్పి పేక నిలువుగా పెట్టి మరొకసారి స్కాన్ చేస్తే రెండు రంగులు వస్తాయి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయిన చీరలో ఈ తేడా మరింత హెచ్చు. చేతిలోని చీరను కదుపుతూ చూసే కన్ను ఆ రెంటినీ కలిపి ఒక పేరు పెడుతుంది. స్కానరుకు కదలిక లేదు. జరీ సంగతి ఇక ఎత్తనక్కరలేదు. అది తళుక్కుమంటే తెలుపు, లేకుంటే మట్టిరంగు. బంగారం అన్న మాటకు ఎదురుగా స్కానరు రంగును పెట్టడం వ్యర్థం.

పొరుగు ప్రభావం అన్నింటిలోకీ కపటమైనది. దీపపు వెలుగులో కొంత గుడ్డనుండి వెనుకకు దీపపు గూటిలోకి పోయి, మళ్ళీ గుడ్డ మీద పడుతుంది. చుట్టూ తెల్లనిది ఉంటే ఎక్కువ వెలుగు తిరిగి వస్తుంది, నల్లనిది ఉంటే తక్కువ. అందువల్ల ఒకే పోగును తెల్ల అట్ట మీద పెట్టినప్పుడు కాస్త లేతగాను, నల్ల అట్ట మీద పెట్టినప్పుడు కాస్త ముదురుగాను నమోదవుతుంది. నేను మొదట తెల్లకాగితం మీద, అది అయిపోయాక చేతికందిన ఖాకీ అట్టల మీద పోగులను అంటించాను. లేత, ముదురు అన్న విశేషణాలను ఆ ప్రతిబింబాలను చూసి నిర్ణయించిన ఆరోపాలన్నీ తిరిగి చూడవలసి వచ్చింది.

కొత్తబట్టకు మూలన పసుపు పెట్టడం మనకు అలవాటు. పసుపులోని కర్కుమిన్ నీలి, అతినీలలోహిత కాంతిని పీల్చి ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగును తానే విడుదల చేస్తుంది. ప్రతిఫలించే వెలుగును మాత్రమే లెక్కించే యంత్రానికి వస్తువు తానుగా వెలిగితే ఏమి చేయాలో తెలియదు. ఎల్‌ఇడి దీపం గల స్కానరు, పాత ఫ్లోరసెంటు దీపం గల స్కానరు అదే పసుపు మూలను రెండు విధాలుగా చూపడానికి ఇదే కారణం. ఫ్లోరసెంటు దీపం వేడెక్కేలోగా దాని రంగు కూడా నిలకడగా ఉండదు కనుక ఉదయం తీసిన తొలి ప్రతిబింబాన్ని పక్కన పెట్టడం మంచిది.

ముద్రిత చిత్రాల పరిశోధకులకు ఒక్క మాట. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన భారతిలో వచ్చిన త్రివర్ణ చిత్రాలు కూడా వడపోతల ద్వారా మూడు దిమ్మెలుగా విడిపోయి, మూడు సిరాలతో అచ్చయినవే. మూలచిత్రాన్ని ఒకసారి మూడుగా విడదీశారు, ఇప్పుడు స్కానరు ఆ అచ్చును మళ్ళీ మూడుగా విడదీస్తోంది. పైగా కాగితం పసుపెక్కింది. స్కానరులోని ‘ఆటో’ సవరణ ఆ పసుపును తెల్లదనంగా మారుస్తూ, దానితోపాటు చిత్రంలోని రంగులను నీలం వైపు తోసివేస్తుంది. చిత్రకారుని వర్ణప్రీతిని గురించి ఇటువంటి ప్రతిబింబాల ఆధారంగా తీర్మానాలు చేయరాదు. నల్ల అక్షరం అంచున ఎర్రని, నీలి గీతలు కనబడితే రెండు సిరాలని భ్రమపడరాదు. మూడు వరుసల గ్రాహకాలు వెంట్రుకవాసి తేడాతో చూసినందువల్ల పుట్టిన అంచులవి.

రాజోలికి తిరిగి

2009 అక్టోబరు తొలివారంలో తుంగభద్ర వరద రాజోలిని ముంచింది. ఇళ్ళతోపాటు మగ్గాలు, నూలు, దాచుకొన్న చీరలు నీటి పాలయ్యాయి. పాత నమూనాలను అడిగినప్పుడల్లా నాకు వినిపించిన జవాబు ‘ఏట్లో పోయినయి’ అన్నదే. వరదను తట్టుకొన్నవి కూడా నీటిలో నానినవి, బురద పట్టినవి, తరువాత ఎండలో ఆరినవి. వాటిని ఎంత ప్రామాణికంగా కొలిచినా వచ్చేది నేటి రంగే, నేసిననాటి రంగు కాదు. పాత పదానికి పాత ముక్కను ఆధారం చేసే పరిశోధకుడు ఈ కాలదోషాన్ని యంత్రదోషం నుండి వేరుచేసి చూపాలి. మసకబారిన ముక్కను పట్టుకొని ‘పూర్వం ఈ పదం లేత రంగును సూచించేది’ అనడం సులభం. అది అర్థపరిణామం కాదు, ఎండదెబ్బ.

ఇన్ని దోషాలున్నా స్కానరును వదిలివేయాలని నేను అనను. ఊరికి దూరంగా ఉండి చదివేవారికి అంతకంటె సులభమైన సాధనం లేదు, చదునుగా నిలకడైన వెలుగులో బొమ్మ తీయడంలో చేతి ఫోను దానికి సరిరాదు. కోరవలసినది ప్రతిబింబానికి పుట్టుపూర్వోత్తరాలు. తాళపత్రప్రతిని వర్ణించేటప్పుడు పత్రాల సంఖ్య, కొలత, లిపి, స్థితి, ప్రాప్తిస్థానం రాయకుండా ఎవరూ పాఠాన్ని ఉదాహరించరు. ప్రతిబింబానికి ఆ మర్యాద ఇంకా దక్కలేదు. ఏ రకపు దీపం, ఏ ప్రొఫైల్, ఆటో సవరణ ఆపారా లేదా, వెనుక ఏ రంగు అట్ట ఉంది, పడుగు ఏ దిశలో ఉంది, అదే చట్రంలో ప్రమాణపత్రం ఉందా అన్నవి పక్కన ఉంటే, తరువాత వచ్చేవారు దోషాన్ని లెక్కగట్టుకోగలరు. వీలైన చోట వర్ణపటమాపకంతో తరంగాలవారీ కొలత తీసుకొంటే మెటామెరిజం చిక్కు చాలావరకు తీరుతుంది. తెలుగు శాఖలలో ఆ పరికరం ఉండదు, కానీ చాలా విశ్వవిద్యాలయాలలో భౌతిక రసాయన శాఖలు, వస్త్ర సాంకేతిక విభాగాలు ఉన్నాయి. అడగడమే మనకు అలవాటు లేదు.

నా పదపట్టికలో ‘మిరపపండు’కు ఇప్పుడు ఒకే అర్థం ఉంది. దాని కింద నూలు పోగు ఒకటి, పట్టు పోగు ఒకటి పక్కపక్కన బూడిదరంగు అట్టకు కట్టి ఉన్నాయి. రెంటి స్కానరు విలువలూ వేరువేరుగానే రాశాను. ఆ విలువల పక్కన ‘పగటి వెలుగులో, గడప బయట, ఇద్దరు నేతకారులు ఒకటే రంగని చెప్పారు’ అన్న వాక్యం చేర్చాను. నెమలికంఠం, దాని పొరుగు రంగు, రెండింటికీ తెర మీద ఒకే రంగు వస్తున్నందున ఆ రెండు ఆరోపాలకు ప్రతిబింబం జతపరచలేదు. అక్కడ పోగులు మాత్రమే ఉన్నాయి.